కరెంటిచ్చిన ఇల్లు

ఆ ఇంటి టీవీ కనెక్షన్ తీసేసింది నేనే. మా ఆయన కాదు, మాకు చానెళ్ళిచ్చే పై కంపెనీ కాదు. మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పెసరట్టు తిన్న చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ ఇంటి బాక్సు నంబరు పక్కన నొక్కాను. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత కిందికి దిగి కాఫీ కూడా కలుపుకున్నాను. ఇది మొదటే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. చివర్లో చెప్తే, పాపం తెలియక చేసిందిలే అని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవడం నాకిష్టం లేదు.

మాది కేబుల్ టీవీ. విజయవాడలో ఆటోనగర్ వెనక కాలనీల్లో పాతికేళ్ళుగా వైర్లు లాగి బతుకుతున్నాం. హనుమాన్ జంక్షన్ దగ్గర తన వాటాకొచ్చిన ఎకరన్నర అమ్మి మా ఆయన ఇందులోకి దిగారు. పచ్చటి పొలం అమ్మి డాబాల మీద వైర్లు కట్టుకుంటున్నాడని మావాళ్ళంతా నవ్వారు. ఆయన స్తంభాలెక్కేవారు, నేను ఫోను దగ్గర కూర్చునేదాన్ని. సీరియల్ మధ్యలో బొమ్మ పోతే కాలనీ మొత్తం తిట్టేది నన్నే. అందుకే నాకు నోరెక్కువ. నోరు లేకపోతే ఈ వ్యాపారంలో ఆరు నెలలు కూడా ఉండలేం.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. వైరు దూరం వెళ్ళేకొద్దీ బొమ్మలో బలం తగ్గిపోతుంది. అందుకని మధ్యలో ఎవరింట్లోనో యాంప్లిఫయర్ అనే చిన్న మిషన్ పెడతాం. దానికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. ఆ కరెంటు ఆ ఇంటి మీటరు నుంచే తీసుకుంటాం. కాగితం ఉండదు, సంతకం ఉండదు. వాళ్ళు మాకొక ప్లగ్గు ఇస్తారు, మేం వాళ్ళకి టీవీ ఊరికే ఇస్తాం, ఆ ఇల్లున్నంత కాలం. తర్వాత వైర్లు మారాయి, మిషన్లు మారాయి, ఈ పద్ధతి మాత్రం మారలేదు. అలాంటి ఇంటిని మాలో మేం కరెంటిల్లు అంటాం. అక్కడ ప్లగ్గు పీకితే ఆ అవతలున్న ఇళ్ళన్నిటికీ టీవీ ఆగిపోతుంది.

నేను చెప్తున్న కరెంటిల్లు ఒక మేస్త్రిగారిది. ఆటోనగర్లో లారీలకి చెక్క బాడీలు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన భార్య మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొడుకు తండ్రి దగ్గరే పని నేర్చుకుని అదే షెడ్డులో చేసేవాడు. కోడలు ఇంటిపట్టునే ఉండేది. ఆయన్ని బాబాయిగారు, ఆవిడని పిన్నిగారు అనేదాన్ని. చుట్టరికమేం లేదు. వాళ్ళు చర్చికి, మేం గుడికి. లైను లాగేనాడు ఎండదెబ్బకి మా ఆయన వాళ్ళ డాబా మీద కళ్ళు తిరిగి పడిపోతే, ఉప్పేసిన మజ్జిగ తాగించి, తడిగుడ్డ వేసి, సాయంత్రం దాకా కదలనివ్వకుండా పడుకోబెట్టింది ఆవిడే. వరసలు ఆ రోజు కలిశాయి.

యాంప్లిఫయర్ వాళ్ళ వరండాలో పెట్టాం. రేకు డబ్బాలో బిగిస్తుంటే బాబాయిగారు చూసి, ఇదేంటయ్యా బిస్కెట్ల డబ్బా తగిలించావు నా గోడకి అని మా ఆయన్ని ఆటపట్టించారు. మర్నాడు లారీ పనిలో మిగిలిన చెక్కతో ఒక పెట్టె చేసుకొచ్చారు. లారీకి వేసే ఆకుపచ్చ రంగే వేసి, తలుపు మీద తామరపువ్వు కూడా దించారు. లోపలి ఎర్ర లైటు కనపడేలా చిన్న కన్నం పెట్టారు. లైను మొత్తం మీద అంత అందమైన పెట్టె ఇంకెక్కడా లేదు. మా ఆయన మిగతా ఆపరేటర్లని పిలిచి మరీ చూపించి గొప్పలు పోయేవారు.

నాలుగేళ్ళ కిందట బాబాయిగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది. ఆయన చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. ఆ గొంతు రోడ్డు మీదికి వినపడేది. అలాంటి మనిషి కుర్చీకి అతుక్కుపోయారు. ఒకసారి ఆటోలో ఎక్కించి చర్చికి తీసుకెళ్తే, అందరూ తనవంక చూస్తున్నారని చిన్నపిల్లాడిలా ఏడ్చారట. మళ్ళీ తీసుకెళ్ళలేదు.

అప్పుడు పిన్నిగారు నా దగ్గరికొచ్చారు. మాకొక సొంత లోకల్ చానెల్ ఉంది. పుట్టినరోజు ఫోటోలు, చీరల షాపుల ప్రకటనలు, పోయిన తాళాలు, కింద పరుగెత్తే అక్షరాల్లో చావు కబుర్లు, అన్నీ అందులోనే. క్రిస్మస్‌కి వాళ్ళ చర్చిలో ఆరాధన మా ఆయన కెమెరాతో తీసి వేసేవారు. అలా ప్రతి ఆదివారం వెయ్యడానికి కుదురుతుందేమో కనుక్కోవడానికి వచ్చారావిడ. అన్నేళ్ళలో ఆవిడ మమ్మల్ని అడిగింది అదొక్కటే. అప్పటినుంచి మా ఆయన ఆదివారం పొద్దున వెళ్ళి తీసుకొచ్చేవారు, సాయంత్రం నాలుగింటికి నేను వేసేదాన్ని.

మొదటి ఆదివారం ఎలా వస్తోందో చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయనకి స్నానం చేయించి, తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వి, మూడున్నరకే టీవీ ఎదురుగా కూర్చోబెట్టారు. పాట మొదలవగానే ఆయన గొంతులోంచి రాగం వచ్చింది. మంచినీళ్ళు కావాలన్నా చెప్పలేని మనిషి, పాట వెంట రాగం తీశారు. పిన్నిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ గంట మాత్రం మానొద్దని డాక్టరుగారు చెప్పారట, మాట తిరిగొస్తే ఆ పాట వెంటే వస్తుందని. ఏడాది తిరిగేసరికి నిజంగానే ఒక మాట వచ్చింది. స్తోత్రం. ఆ ఒక్కటే. అన్నం పెట్టినా స్తోత్రమే, నేను వెళ్ళి ఎలా ఉన్నారు బాబాయిగారూ అన్నా స్తోత్రమే. ఆ ఒక్క మాట కోసం ఆ ఇల్లంతా ఆదివారం నాలుగింటి వంక చూసేది.

ఆ తర్వాత రోజులు చెడిపోయాయి. ముందు ఆటోనగర్లో చప్పుడు తగ్గింది. ఎప్పుడూ సుత్తి దెబ్బలూ వెల్డింగ్ మెరుపులూ ఉండే సందుల్లో మధ్యాహ్నం పూట కుక్కలు పడుకోవడం మొదలుపెట్టాయి. కొత్త లారీలు కొనేవాళ్ళు లేరు, ఉన్న లారీలకి లోడ్లు లేవు. రొయ్యల రేటు పడిపోయి డెల్టాలో డబ్బు తిరగడం లేదన్నారు కొందరు. ఫైనాన్సు వాళ్ళు బళ్ళు లాక్కుపోతున్నారన్నారు ఇంకొందరు. మేస్త్రిగారి కొడుకు పనిచేసే షెడ్డు వారానికి మూడు రోజులే తీశారు, తర్వాత అసలు తియ్యలేదు.

ఇల్లు ఇరుకున పడితే ముందు ఏది తెగుతుందో మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పాలు తెగవు, పిల్లల ఫీజు తెగదు. ముందు పెద్ద ప్యాకేజీ చిన్నదవుతుంది. తర్వాత క్రికెట్ పోతుంది. ఫోన్లో సినిమాల యాప్ ఒకటి తీసేసి ఒకటుంచుకుంటారు. ఉన్న ఆ ఒక్కటీ నలుగురు తోడికోడళ్ళు ఒకే పాస్‌వర్డుతో చూస్తారు. కంపెనీవాడు అలా కుదరదు, ఇంటికొకటి కట్టాల్సిందే అంటాడు. దాంతో అదీ పోతుంది. ఆఖర్న టీవీకి తగిలించే మా సెట్‌టాప్ పెట్టె పోతుంది.

పెట్టె వెనక్కివ్వడానికి ఆడవాళ్ళే వచ్చేవారు. శుభ్రంగా తుడిచి, రిమోటూ వైరూ చుట్టి, గుడ్డసంచీలో పెట్టుకుని, అరువు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చినట్టు ఇచ్చేవారు. డబ్బుల్లేవని ఒక్కరూ అనలేదు. పిల్లల పరీక్షలండీ అనేవారు. మేస్త్రిగారికి సరిగ్గా ఎదురింటావిడ జూన్ నెలలో, బడులు తెరిచిన వారానికి వచ్చి, పరీక్షలండీ అంది. జూన్‌లో ఏం పరీక్షలమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. పెట్టె తీసుకుని అరమీద పెట్టాను. కానీ ఆవిడ వచ్చింది తర్వాత. దానికంటే ముందు జరిగింది చెప్పాలి.

మా ఫోను మోగడం మానేసింది. ఒకప్పుడు లైను తెగితే నలభై ఫోన్లు వచ్చేవి, నలభైమందితోనూ దెబ్బలాడేదాన్ని. ఇప్పుడు పొద్దున తెగితే మధ్యాహ్నానికి కూడా ఎవరూ అడగరు. ఒకరోజు ఆ నిశ్శబ్దం భరించలేక, ఫోను పనిచేస్తోందా లేదా అని మా ఆయన చేత నాకే చేయించుకున్నాను. మోగింది. బాగానే ఉంది. తిట్టేవాళ్ళే లేరు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన బెంజ్ సర్కిల్ దగ్గరున్న పై కంపెనీ ఆఫీసుకి వెళ్ళి బతిమాలారు. ఇల్లు డబ్బు కట్టినా కట్టకపోయినా, పెట్టె ఆన్‌లో ఉంటే దాని వాటా మీరు మాకు కట్టాల్సిందే అన్నారట వాళ్ళు. పాతకాలంలో ఊరికే ఇచ్చిన కనెక్షన్‌కి మా చేతినుంచి పోయేది లేదు. ఇప్పుడు ప్రతి పెట్టె మా జేబులోంచే. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే, ఊరికే ఇచ్చేవన్నీ తీసేద్దాం అన్నారు.

లిస్టు ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక కానిస్టేబులు ఇల్లు. అది తీస్తే రేపు స్తంభాల మీద వైర్లు తెగుతాయి, వద్దన్నారు మా ఆయన. వార్డు నాయకుడి వెనక తిరిగే మనిషి ఇల్లు. అదీ వద్దన్నారు. కరెంటు లైన్‌మన్ ఇల్లు. అది నేనే వద్దన్నాను. ఇక మిగిలినవి టీ బండీ, మంగలి షాపూ, చదువు చెప్పే ఒక ముసలి మాస్టారూ, మేస్త్రిగారి ఇల్లూ. అంటే మామీద అరవనివాళ్ళు. మా ఆయన మేస్త్రిగారి పేరు దగ్గర ఆగారు. వాళ్ళ కోడలికి మంచి ఫోనుందండీ, ఇప్పుడు ప్రార్థనలన్నీ ఫోన్లోనే వస్తున్నాయి అన్నాను. వాళ్ళ చిన్న చర్చి ఏ ఫోన్లోనూ రాదు. మా చానెల్‌లోనే వస్తుంది. వేసేదాన్ని నేనే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ ఆ మాట అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు, నేను నొక్కాను.

ప్లగ్గు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ లైను ఎప్పుడూ చెడేది కాదు. చెడని లైను గురించి ఎవరూ ఆలోచించరు.

రెండు రోజులు ఫోను వంక చూశాను, పిన్నిగారు చేస్తారేమోనని. చెయ్యలేదు. అక్కర్లేదన్నమాట అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆదివారం నాలుగింటికి మాత్రం అలవాటుగా ఆరాధన వేస్తూనే ఉన్నాను. ఎవరికోసం మొదలుపెట్టామో ఆ ఇంటికి తప్ప మిగిలిన అందరి ఇళ్ళకీ వెళ్ళింది.

మూడు నెలలకి కాబోలు, రైతుబజారులో పిన్నిగారు ఎదురుపడ్డారు. తప్పుకుందామనుకునేలోపే చూశారు. వ్యాపారం ఎట్టా ఉందమ్మాయ్ అని అడిగారు. ఎత్తిపొడుస్తోందనుకున్నాను. ఏదో నడుస్తోందండీ అని కాస్త కటువుగానే అన్నాను. బాబాయిగారు ఎలా ఉన్నారన్నాను. బాగానే ఉన్నారమ్మా, ఆదివారం పూటే కాస్త మొండికేస్తున్నారు అన్నారు. ఫోన్లో పెట్టండి పిన్నిగారూ, అందరూ ఫోన్లోనేగా చూస్తున్నారు అన్నాను. ఆవిడ తలూపి, వంకాయలు ఏరుకోవడంలో పడ్డారు. ఆ వంకాయల మీద వంగిన తల నాకిప్పటికీ కనపడుతుంది.

ఇంకో నాలుగు నెలలకి, పొద్దున్నే వాళ్ళ చర్చి పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. మేస్త్రిగారు పోయారు, స్క్రోలింగ్ వెయ్యాలన్నారు. నేనే టైపు చేశాను. లారీ బాడీ మేస్త్రిగారు ప్రభువునందు నిద్రించారు, సాయంత్రం నాలుగు గంటలకు సమాధి కార్యక్రమం. నాలుగు అని కొడుతుంటే వేళ్ళు ఆగాయి. పసుపు రంగు అక్షరాలు పెట్టాను, ప్రకటనలన్నీ ఆపి అదొక్కటే తిప్పాను. దండ కొనుక్కుని ఇద్దరం వెళ్ళాం.

ముందుగదిలో ఆయన్ని పడుకోబెట్టారు. అదే తెల్ల చొక్కా. నాకు ఎక్కడికెళ్ళినా ముందు టీవీ వంక చూసే అలవాటు, మా చానెల్ సరిగ్గా వస్తోందా అని. అప్పుడూ చూశాను. టీవీ మీద అల్లిన గుడ్డ కప్పి ఉంది. ఊరంతా ఆయన చావు కబురు తిరుగుతోంది, ఆయన ఇంట్లో మాత్రం లేదు. పక్కన ఫ్రిజ్ తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మడతపెట్టిన దుప్పట్లు, ఆయన మందుల అట్టలు. ఎండాకాలంలోనే ఆపేశామండీ, కరెంటు బిల్లు తట్టుకోలేక అంది కోడలు. నేను వరండా వంక తిరిగాను. ఆకుపచ్చ పెట్టె కన్నంలోంచి ఎర్ర లైటు వెలుగుతోంది.

అక్కడే గుమ్మంలో కూర్చున్నాను.

కోడలు నా పక్కన కూర్చుని చెప్పింది. ఆ పిల్ల గొంతులో కోపం ఉంది, ఉండాలి కూడా. ఫ్రిజ్ ఆపినరోజు ఆ ప్లగ్గు కూడా పీకబోయిందట. బాబాయిగారు ఎడంచేత్తో కుర్చీని దబదబా బాదారట. ఇంకోసారి పీకబోయినా అంతే. వీధి వంక చెయ్యి చూపించి, వద్దని తల ఊపేవారట. అవతలి ఇళ్ళకి టీవీ రాదని ఆయన బెంగ అని పిన్నిగారు కోడలికి సర్దిచెప్పారట.

ఆదివారాలు మొదట్లో ఎదురింట్లో టీవీ సౌండు పెంచేవాళ్ళట. ఆయన కుర్చీని కిటికీవైపు తిప్పి కూర్చోబెడితే పాట కొంచెం కొంచెం వినపడేదట. ఆ టీవీకి పాట వచ్చింది ఈ ఇంటి కరెంటుతోనే. జూన్‌లో వాళ్ళూ తీసేశారు. నాకు గుడ్డసంచీ గుర్తొచ్చింది, పరీక్షలండీ అన్న మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాత కూడా బాబాయిగారు ప్రతి ఆదివారం మూడున్నరకి తెల్ల చొక్కా తొడగమని సైగ చేసేవారట. తొడిగితే, ఊరికే అలా కూర్చునేవారట.

"ఆ ఒక్క మాటా ఆగస్టులో పోయిందండీ" అంది ఆ పిల్ల.

జనం కాస్త పల్చబడ్డాక పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని వెళ్ళి, నా పాడు నోరు ఊరుకోక, ఆవిడ మీదే నెపం పెట్టాను.

"ఒక్క ఫోను కొట్టలేకపోయారా పిన్నిగారూ?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని నావంక చూశారు.

"ఎట్టా అడుగుతానమ్మాయ్. మీకే జరగక తీసేశారనుకున్నాం. అడిగితే నువ్వు చిన్నబోతావు."

ఇంటికొచ్చి మా ఆయనతో దెబ్బలాడాను. తప్పు నాదేనని తెలిసీ దెబ్బలాడాను. ఆ ఉక్రోషంలో వార్డు నాయకుడి మనిషి పెట్టె కట్ చేశాను. పది నిమిషాలు తిరక్కముందే ఫోను మోగింది, నానా మాటలూ అన్నాడు. రాత్రికల్లా మా ఆయన మళ్ళీ ఆన్ చేశారు. అదీ నా పౌరుషం.

పిన్నిగారి పెట్టె కూడా ఆ రోజే ఎవరికీ చెప్పకుండా ఆన్ చేశాను. ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థం పాటలు పాడారు. మా ఆయన తీసుకొచ్చారు. నాలుగింటికి వేసి, ఫోను పక్కనే కూర్చున్నాను. వాళ్ళు టీవీ పెట్టి ఉంటారా, గుడ్డ తీసి ఉంటారా, ఎవరైనా చేస్తారా అని చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. మోగలేదు.

సోమవారం పొద్దున పిన్నిగారే వచ్చారు. చేతిలో గుడ్డసంచీ. పెట్టె, రిమోటు, చుట్టిన వైరు, అన్నీ తుడిచి తెచ్చారు. పరీక్షలని అనలేదు.

"ఇంక చూసేవాళ్ళు లేరుగా అమ్మాయ్. ఎవరికన్నా పనికొస్తుంది, ఇచ్చెయ్యి."

ఉంచుకోండి పిన్నిగారూ అన్నాను. ఇక నుంచి మీ కరెంటు బిల్లు మేం కడతామన్నాను. ప్లగ్గు రేపే తీయించి, మిషన్ ఇంకో ఇంట్లో పెట్టిస్తామన్నాను. ఏడుస్తూ ఏమేమో అన్నాను. ఆవిడ అన్నీ విని, సంచీ నా ఒళ్ళో పెట్టారు.

"ప్లగ్గు మాత్రం తియ్యమాక. మీ బాబాయికి ఇష్టం ఉండదు."

మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ లైనులో ఇప్పుడు పంతొమ్మిది ఇళ్ళే మిగిలాయి. వాటికి టీవీ ఇప్పటికీ ఆ ఇంటి కరెంటుతోనే వస్తోంది. నేను ఆ పెట్టెను సంచీలోంచి తీసి, అరమీద ఎదురింటివాళ్ళ పెట్టె పక్కన పెట్టాను.